ఎల్కార్ట్ – చక్రముల మీద ఇండ్లు కట్టే ఊరు

అమెరికా పటములో షికాగో నగరము మీద వేలు పెట్టి, మిషిగన్ సరస్సు దక్షిణపు ఒడ్డు దాటించి తూర్పునకు జరిపితే, సుమారు 175 కిలోమీటర్ల దూరములో ఎల్కార్ట్ అనే పట్టణము కనిపిస్తుంది. ఇండియానా రాష్ట్రమునకు అది ఉత్తరపు కొస. సెయింట్ జోసెఫ్ నది, ఎల్కార్ట్ నది అక్కడ కలుసుకుంటాయి. జనాభా 50 వేలకు కొంచెము పైన. మన లెక్కలో అదొక చిన్న మునిసిపాలిటీ. చూడవచ్చిన వారికి అక్కడ కొండలు లేవు, జలపాతములు లేవు, ఆకాశమునంటే మేడలు లేవు. అయినను అమెరికాలో ఏ రహదారి మీద వెళ్లినా ఆ ఊరివారి చేతిపని మనకు ఎదురు వస్తూనే ఉంటుంది.

ప్రియ పాఠకులారా, మీ పిల్లలు అమెరికాలో ఉన్నట్లయితే "ఆర్.వి." అనే మాట మీరు వినియుంటారు. రిక్రియేషనల్ వెహికల్ అనే పేరును అలా పొట్టిగా పిలుస్తారు. అంటే విహారమునకు వెళ్లేటప్పుడు వెంట తీసుకొనిపోయే ఇల్లు. ఇవి ముఖ్యముగా రెండు రకములు. తనకు తానే ఇంజను కలిగి బస్సులా నడిచేది మోటార్ హోమ్. కారు వెనుకనో, చిన్న ట్రక్కు వెనుకనో తగిలించి లాగుకొనిపోయేది ట్రావెల్ ట్రైలర్. లోపల మంచములు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానపు గది, ఏ.సి. అన్నీ ఉంటాయి. సెలవులలో పిల్లలతో తిరిగే కుటుంబములు మాత్రమే కాదు, ఉద్యోగ విరమణ తరువాత ఉన్న ఇల్లు అమ్ముకొని దీనిలోనే కాపురముండే దంపతులు కూడా ఆ దేశములో ఉన్నారు. ఉత్తర అమెరికాలో తయారయ్యే ఇటువంటి బండ్లలో ప్రతి పదింటిలో ఎనిమిది దాకా ఎల్కార్ట్ కౌంటీలోను, దాని చుట్టుపక్కలను తయారవుతాయి.

షికాగోలో ఉన్న మా పినతండ్రి గారి కుమారుడు, "అన్నయ్యా, మేము ఒక సెకండ్ హ్యాండ్ ట్రైలరు కొనాలనుకుంటున్నాము. అవి పుట్టిన ఊరిలోనే చూద్దాము, మీరూ వదినా కూడా రండి" అని పిలిచినందున మేము దంపతులము వారి కుటుంబముతో బయలుదేరాము. దారిలో టోల్ రోడ్డు ప్రక్కనే ఈ బండ్ల చరిత్రను చూపించే పెద్ద మ్యూజియము ఉన్నది. నేటికి నిలిచియున్న ట్రైలర్లలో మిక్కిలి పాతదని చెప్పబడే 1913 నాటి ట్రైలరు, హాలీవుడ్ నటి మే వెస్ట్ కొరకు సిద్ధపరచిన 1931 నాటి షెవ్రొలె ఇంటి కారు అక్కడ చూశాము. ఎల్కార్ట్ ఒకప్పుడు బ్యాండు మేళపు వాయిద్యములకు పేరు పొందిన ఊరు. 1930 తరువాతి సంవత్సరములలో ట్రైలర్ల పని మొదలై, క్రమముగా ఊరంతటికీ అదే జీవనాధారమయ్యింది.

ఎల్కార్ట్‌కు ఆగ్నేయముగా గోషెన్ అనే ఊరిలో ఒక మెన్నొనైట్ కుటుంబము వారి ఇంట మేము బస చేశాము. మెన్నొనైట్ అనే పేరు తెలంగాణ పాఠకులకు కొత్త కాదు. మిషనెరీల ద్వారా మహబూబ్‌నగర్ ప్రాంతములో నాటబడిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘములు ఆ చెట్టుకు ఒక కొమ్మ. ఎల్కార్ట్‌లో ఉన్న మెన్నొనైట్ సెమినరీ, గోషెన్‌లో ఉన్న కాలేజీ అదే చెట్టు మరియొక కొమ్మకు చెందినవి. వీరికి చుట్టరికముగల ఆమిష్ జనులు కూడా ఆ ప్రాంతములో వేల సంఖ్యలో ఉన్నారు. గుర్రపు బండ్ల మీద, సైకిళ్ల మీద తిరుగుతారు. ఊరి కరెంటు లైను తమ ఇండ్లకు పెట్టుకొనరు. అయితే వారిలో అనేకులు తెల్లవారక ముందే సైకిలుకు దీపము తగిలించుకొని ట్రైలర్ల ఫ్యాక్టరీలకు పనికి వెళ్తారు. తమ ఇంట కరెంటు స్విచ్చి లేని మనుష్యులు, స్విచ్చి వేస్తే ఏ.సి. తిరిగే ఇండ్లను ఇతరుల కొరకు కడుతూ ఉంటారు. వారితోపాటు మెక్సికో మొదలైన దేశముల నుండి వచ్చినవారు, స్థానికులు కూడా అక్కడ పనిచేస్తారు.

మేము బస చేసిన ఇంటి పెద్దాయన అటువంటి ఫ్యాక్టరీలో వైరింగు విభాగములో చాలా కాలము పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు తన షెడ్డులో తెలిసినవారి ట్రైలర్లు బాగుచేస్తూ ఉంటారు. రాత్రి భోజనము దగ్గర మా తమ్ముడు, "అండీ, కొత్త బండ్లకే ఇన్ని కంప్లయింట్లు ఎందుకు వస్తాయి? పనివారికి పని రాదా?" అని అడిగాడు. ఆ పెద్దాయన కోపపడలేదు. "పని వచ్చు. పనికి కావలసినంత సేపే ఉండదు" అన్నారు. తరువాత ఆ పద్ధతి మాకు వివరించారు.

అక్కడి అనేక ఫ్యాక్టరీలలో కూలి గంటల లెక్కన కాదు, బండ్ల లెక్కన. ఈ రోజు ఇన్ని బండ్లు లైను దాటాలి అని ఒక లెక్క ఉంటుంది. ఉదయము 5, 6 గంటలకు పని మొదలవుతుంది. లెక్క త్వరగా ముగిస్తే మధ్యాహ్నమునకే ఇంటికి పోవచ్చు, జీతము తగ్గదు. బండి ఒక చోట నిలిచియుండదు. ఇనుప చట్రము మీద నేల పరచేవారు, పైపులు బిగించేవారు, వైర్లు లాగేవారు, గోడలు నిలబెట్టేవారు, పైకప్పు వేసేవారు ఒకరి తరువాత ఒకరు తమ పని చేసి తోసివేస్తారు. వైర్లు లాగే మనిషి ఒక స్క్రూ సరిగా బిగియలేదని ఆగితే, వెనుకనున్న జట్టంతా ఆగవలసివస్తుంది. ఆ జట్టు కూలి అంతా అక్కడ నిలిచిపోతుంది. ఆగినవానిని మెచ్చుకొనేవారు తక్కువ. పది నిమిషములు గడిస్తే ఆ స్క్రూ మీదికి గోడ పలక వచ్చి కూర్చుంటుంది. ఆ తరువాత దానిని చూసేవారు ఎవరూ ఉండరు.

ఈ తొందర వెనుక భయము కూడా ఉన్నది. ప్రజల చేతిలో డబ్బు ఆడకపోతే అందరి కంటె ముందు మానుకొనేది విహారపు బండి కొనుట. 2008, 2009 సంవత్సరముల ఆర్థిక సంక్షోభములో ఈ కౌంటీలో నిరుద్యోగము దాదాపు 20 శాతమునకు చేరింది. 2009 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా స్వయముగా ఎల్కార్ట్‌కు వచ్చి వారితో మాట్లాడారు. తరువాత కరోనా కాలములో దీనికి పూర్తిగా వ్యతిరేకముగా జరిగింది. హోటళ్లకు, విమానములకు జడిసినవారు ట్రైలర్ల కొరకు ఎగబడ్డారు. 2021లో ఆరు లక్షలకు పైగా బండ్లు ఫ్యాక్టరీల నుండి బయటికి వెళ్లాయి. పరిశ్రమ చరిత్రలో అదే పెద్ద లెక్క. రెండేండ్లు తిరిగి 2023 వచ్చేసరికి అది 3 లక్షల 13 వేలకు పడిపోయింది. పని ఉన్నప్పుడే నాలుగు డాలర్లు వెనుకవేసుకోవాలని పనివాడు, గిరాకీ ఉన్నప్పుడే అమ్ముకోవాలని యజమాని పరుగెత్తుతారు. ఆ పరుగులో కొత్తగా చేరినవారికి పని నేర్పే తీరిక దొరకదు.

ట్రైలరులో వైరింగు మన ఇంటి వైరింగు వంటిది కాదు. ఒకే గోడలో రెండు కరెంట్లు నడుస్తాయి. బ్యాటరీ నుండి వచ్చే 12 వోల్టుల కరెంటు దీపములకు, నీటి పంపుకు, హీటరు ఫ్యానుకు వెళ్తుంది. క్యాంపు స్థలములో లావుపాటి వైరు ప్లగ్గు పెడితే వచ్చే 120 వోల్టుల కరెంటు ఏ.సి.కి, మైక్రోవేవ్‌కు వెళ్తుంది. 12 వోల్టులు అనగానే ఆటబొమ్మ అనుకొనకూడదు. 120 వాట్ల మోటారు మన ఇంటి 230 వోల్టుల మీద అర ఆంపియరు తీసుకుంటే, 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. అందువలన ఆ వైరు లావుగా, దాని కనెక్షను గట్టిగా ఉండాలి. షాకు కొట్టకపోయినా, లూజు కనెక్షను వేడెక్కి నిప్పు పుట్టించగలదు.

పెద్దాయన కాగితము మీద ఒక లెక్క వేసి చూపించారు. 30 ఆంపియర్లు నడిచే వైరుకు ఒక చోట స్క్రూ లూజుగా ఉండి, అక్కడ ఓములో పదో వంతు అడ్డు ఏర్పడితే, ఆ ఒక్క బిందువు దగ్గర 90 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవారి చేతిలో ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదైతేనే సీసమును కరిగిస్తుంది. ఇక్కడ 90 వాట్లు! దాని చుట్టూ ఉన్నవి పలుచని ప్లైవుడ్, నురుగు పలకలు, ప్లాస్టిక్. అది పగలంతా ఏ.సి. నడిచే ఎండకాలములో జరుగుతుంది.

రంగులలో కూడా ఒక చిక్కున్నది. కారులో నల్ల వైరు అంటే బ్యాటరీ మైనసు. అక్కడి ఇండ్ల వైరింగులో నలుపు అంటే షాకు కొట్టే ఫేజు వైరు, తెలుపు అంటే న్యూట్రల్. చాలా ట్రైలర్లలో బ్యాటరీకి వచ్చే నల్ల వైరు ప్లస్సు, తెల్లది మైనసు. కారు అలవాటుతో బ్యాటరీ తిరగేసి తగిలించి ఫ్యూజులు కాల్చుకొనేవారు ఎందరో.

మరియొక సంగతి. ట్రైలరు రబ్బరు టైర్ల మీద నిలిచియుంటుంది. ఎర్త్ వైరు ఎక్కడైనా తెగి, ఏదైనా వైరు ఇనుప చట్రమునకు తగిలితే బండి ఒళ్లంతా కరెంటే. లోపల ఉన్నవారికి ఏమీ తెలియదు. వర్షము పడిన తరువాత చెప్పులు లేకుండా గడ్డి మీద నిలిచి తలుపు పట్టుకొన్న పిల్లవానికి షాకు కొడుతుంది. 120 వోల్టులు ప్రాణము తీయుటకు చాలును.

మరి నియమములు లేవా? ఉన్నవి. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళిలో 551వ ఆర్టికల్ ఈ బండ్లకే ప్రత్యేకించబడినది. అగ్ని ప్రమాదముల నివారణకు ఎన్.ఎఫ్.పి.ఎ. 1192 అనే ప్రమాణము వేరుగా ఉన్నది. ఫ్యాక్టరీలో ప్రతి బండి 120 వోల్టుల వైరింగును 900 వోల్టులతో ఒక నిమిషమో, 1080 వోల్టులతో ఒక సెకనో పరీక్షించాలి. వైర్లు తారుమారు కాలేదని, ఎర్త్ తెగలేదని చూడాలి. ఇవన్నీ మంచి పరీక్షలే. అయితే ఇవన్నీ బండి కదలకుండా నిలిచియున్నప్పుడు చేసేవి. మేకు వంటి స్టేపులు పిన్ను గట్టిగా దిగి వైరు తొడుగును సగము నొక్కియుంటే ఆనాటికి పరీక్షలో తెలియదు. ఇనుప చట్రపు రంధ్రములో రబ్బరు వాషరు వేయకుండా వైరు దూర్చినా ఆనాటికి దీపము వెలుగుతుంది. తరువాత ఆ ఇల్లు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వేల కిలోమీటర్లు ఊగుతూ పోతుంది. ప్రతి గుంతలోను చిన్న భూకంపము పడినట్లే. స్క్రూ కొంచెము కొంచెముగా వదులవుతుంది, ఇనుప అంచు వైరును కొంచెము కొంచెముగా కోస్తుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పాసైన బండి రెండవ సంవత్సరమున ఏదో అడవిలో, రాత్రివేళ ఫెయిలవుతుంది.

మరునాడు ఆ పెద్దాయనను వెంటబెట్టుకొని మా తమ్ముడు చూసియుంచిన ట్రైలరు దగ్గరకు వెళ్లాము. నాలుగేండ్ల పాతది, బయటికి తళతళలాడుతున్నది. తమ్ముని కుమార్తె, ఎనిమిదేండ్ల పాప, వెంటనే లోపలికి దూరి పై బెర్తు ఎక్కి, "ఇది నాది" అని పడుకొన్నది. పెద్దాయన ఆమెను నెమ్మదిగా దింపి, ముందుగా అమ్మేవారిని అడిగి కరెంటు ప్లగ్గు తీశారు, బ్యాటరీ వేరుచేశారు. తరువాత బ్రేకర్ల పెట్టె మూత విప్పి ఒక్కొక్క వైరును రెండు వ్రేళ్లతో మెల్లగా లాగిచూశారు. నాలుగవది తెల్ల వైరు. స్క్రూ కింద నుండి దానంతటదే చేతిలోనికి వచ్చేసింది. దాని కొస ప్లాస్టిక్ టీ మరకలా గోధుమ రంగుకు మారియున్నది. ఆ తరువాత పాప పడుకొన్న బెర్తు క్రింది చెక్కను ఎత్తి టార్చి వేశారు. వైర్ల కట్ట ఇనుప పట్టీ రంధ్రము గుండా రబ్బరు లేకుండా పోతున్నది. ఒక వైరు మీద తొడుగు అరిగి రాగి మెరుస్తున్నది. పైకప్పు మూలలో బొటనవేలితో నొక్కితే చెక్క మెత్తగా దిగింది. కప్పు అతుకు దగ్గర పూత పగిలి వాన నీరు దిగుతున్నదని చెప్పారు.

అమ్మేవారు, "ఇవన్నీ చిన్న సంగతులే, ఒక్క రోజులో సరిచేసి ఇస్తాము" అన్నారు. పెద్దాయన మాత్రము మా తమ్మునితో, "మూత విప్పిన చోట ఇన్ని కనిపించాయి. విప్పలేని గోడలో ఏమున్నదో నేను చెప్పలేను. ఇటువంటి గోడలు మూసినవాడిని నేనే గదా" అన్నారు. తమ్ముడు అడ్వాన్సు ఇవ్వలేదు. పాప దారి పొడవునా ఏడ్చింది. మా ఇంటివారు ఆమెను ఒడిలో కూర్చోబెట్టుకొని, టెంటులో పడుకొంటే నక్షత్రములు కనిపిస్తాయని సముదాయించారు. ఆ వేసవి వారు కారులోనే వెళ్లి టెంటు వేసుకొన్నారు.

కొన్న తరువాత బయటపడితే కష్టమంతా కొన్నవారిదే. కొత్త బండికి గ్యారంటీ సాధారణముగా ఒక సంవత్సరము. రిపేరుకు ఇస్తే సామాను రావాలని వారములు, ఒక్కొక్కసారి నెలలు డీలరు ఆవరణలోనే ఉంచుతారు. వేసవి గడిచిపోతుంది, బ్యాంకు వాయిదా మాత్రము ఆగదు. లోపమున్న కార్లను వెనుకకు తీసుకొనేటట్లు చేసే రాష్ట్ర చట్టములు చాలా చోట్ల ఈ బండ్లలోని నివాస భాగమునకు వర్తించవు. గ్యారంటీ మాట నిలుపుకొనని వారి మీద దావా వేయుటకు 1975 నాటి కేంద్ర చట్టము ఒకటి ఉన్నది గాని, కోర్టుకు ఎక్కే ఓపిక ఎందరికి ఉంటుంది?

ఇది విహారమునకు వెళ్లే వారి బాధ మాత్రమే కాదు. 2005లో కత్రినా తుఫాను లూసియానా, మిసిసిపీ తీరములను ముంచివేసినప్పుడు, ఇల్లు కోల్పోయిన బీదలకు ప్రభుత్వము లక్షకు పైగా ట్రైలర్లు, మొబైల్ హోములు ఇచ్చింది. వాటిలో అనేకము ఈ ఇండియానా ప్రాంతములో హడావుడిగా తయారైనవే. వాటి ప్లైవుడ్, చెక్క పొట్టు పలకలలోని జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వెలువడి కండ్లు మండటం, దగ్గు, ఆయాసము వచ్చాయని వేలమంది ఫిర్యాదు చేశారు. 2008లో ప్రభుత్వ వైద్య సంస్థ ప్రకటించిన పరీక్షలలో దాని మోతాదు ఎక్కువగా ఉన్నదని తేలింది. 2010లో చెక్క పలకల మీద కొత్త చట్టము వచ్చింది. 2012లో తయారీదారులు, కాంట్రాక్టర్లు కలిసి బాధితులకు 4 కోట్ల 26 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నారు. వారాంతమునకు రెండు రాత్రులు పడుకొనుటకు కట్టిన పెట్టెలో పసిపిల్లలతో సంవత్సరములు గడిపినవారు వారు.

అందుచేత మీ పిల్లలు ఇటువంటి బండిని కొనబోతున్నా, సెలవులకు అద్దెకు తీసుకుంటున్నా వారికి ఈ నాలుగు మాటలు చెప్పండి. కొనే ముందు డీలరు మనిషి కాక, స్వంతముగా ఫీజు ఇచ్చి వేరొక ఇన్‌స్పెక్టరు చేత చూపించుకొనవలెను. బండి మీది 17 అక్షరముల, అంకెల గుర్తింపు సంఖ్యను అక్కడి రహదారి భద్రతా సంస్థకు ఇస్తే, ఆ బండిని లోపము వలన కంపెనీ వెనుకకు పిలిచిందా అన్నది ఉచితముగా తెలుస్తుంది. మూడు దీపముల చిన్న టెస్టరు దుకాణములలో తక్కువ ధరకు దొరుకుతుంది. ఏ క్యాంపులోనైనా అక్కడి ప్లగ్గు పాయింటును దానితో చూడకుండా బండికి కరెంటు ఇవ్వకూడదు. తలుపు పట్టుకొన్నప్పుడు కొంచెము జివ్వుమన్నా పిల్లలను దూరముగా నిలిపి, బండిని మళ్లీ తాకకుండా, స్తంభము దగ్గరి బ్రేకరు కట్టివేసి ఎలక్ట్రీషియనును పిలవవలెను. పొగ అలారము, గ్యాసు అలారము మ్రోగుతున్నాయో లేదో నొక్కి చూడవలెను. అత్యవసర ద్వారముగా పెట్టిన కిటికీని ఇంటిల్లిపాది ఒక్కసారి తమ చేతులతో తెరిచి చూడవలెను. నిప్పు అంటుకొన్నాక దాని గొళ్లెము వెదకుటకు సమయముండదు.

ఎల్కార్ట్ నుండి తిరిగి వచ్చేటప్పుడు ఫ్యాక్టరీల ఆవరణలలో తెల్లని ట్రైలర్లు వందల కొద్దీ వరుసలు తీరి, కొనేవారి కొరకు ఎదురుచూస్తూ కనిపించాయి. మధ్యాహ్నమునకే లెక్క ముగించిన పనివారు సైకిళ్ల మీద ఇండ్లకు పోతున్నారు. వారిని చూస్తే మాకు కోపము రాలేదు. తమ పిల్లలకు అన్నము పెట్టుకొనుటకే వారు పరుగెత్తుతున్నారు. ఆ స్క్రూ బిగించుటకు పట్టే ఒక్క నిమిషమునకు కూడా కూలి కట్టి ఇచ్చే యజమాని వారికి కావలెను. గోడ మూయక ముందు వచ్చి చూసే కన్ను కూడా కావలెను. గోడలోని వైరుకు సరియైన ధర చెల్లించుటకు మనము కూడా సిద్ధపడితే, ఆ రెండూ ఏదో ఒక దినమున వారికి దొరకవచ్చును.